ట్యాంకర్ వెనక ఆ '4' అంకె

హైవే మీద పెట్రోలు ట్యాంకర్ వెనక వెళ్తున్నప్పుడు దాని మీద '3వైఈ' అనీ, కింద 1203 (పెట్రోలుకి అంతర్జాతీయంగా ఇచ్చిన నంబరు) అనీ రాసి ఉండటం చూసే ఉంటారు. చాలామంది పట్టించుకోరు. మంటలు లేస్తే ముందుగా వచ్చే ఫైరింజన్ సిబ్బందికి మాత్రం అదే చీటీ. 3 అంటే నురగ కొట్టండి. వై అంటే కారింది కాలవల్లోకి పోనీయకండి. ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి చూడండి. మొదటి అంకె 1 గానీ 2 గానీ అయితే నీళ్లు కొట్టొచ్చు. 4 అయితే మాత్రం చుక్క కూడా తగలకూడదు, పొడి పదార్థమే వాడాలి. సోడియం, కాల్షియం కార్బైడ్ ఈ కోవలోవే.

నీళ్లు పడితే రేగే సరుకు మనకు కొత్తేం కాదు. రాతిసున్నం మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడకడం పాతతరం వాళ్లందరికీ తెలుసు. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడ్ తడి తగిలితే ఎసిటిలిన్ వదులుతుంది. వెల్డింగ్ షాపులో మండేది ఆ గ్యాసే.

ఈ కోడ్‌ని 1970లలో లండన్ అగ్నిమాపక దళం తయారుచేసింది. మంటల ముందు నిలబడి పుస్తకాలు తిరగేయలేరు కదా, జేబులో పట్టే కార్డుతో పని జరగాలన్నది వాళ్ల ఆలోచన. అమెరికాలో అంతకుముందే ఫ్యాక్టరీ గోడల మీద నాలుగు రంగుల డైమండ్ గుర్తు ఉంది. అందులో అడ్డగీత కొట్టిన డబ్ల్యూ అక్షరం కనిపిస్తే నీళ్లతో ప్రమాదమని అర్థం.

మన దగ్గర ఈ విషయం చట్టాల్లోకి ఎక్కడానికి భోపాల్ కావాల్సి వచ్చింది. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మిథైల్ ఐసోసయనేట్ నిల్వ ఉన్న 'ఈ-610' అనే ట్యాంకులోకి నీళ్లు చేరాయి. ఎలా చేరాయన్న దాని మీద వాదనలు ఇప్పటికీ తెగలేదు. నీళ్లు కలిశాక లోపల వేడి, ఒత్తిడి అదుపు తప్పి దాదాపు 40 టన్నుల విషం ఊరి మీద పడింది. ఇందులో ఓ విచిత్రం ఉంది. లోపలికి పోయిన నీళ్లు కొంప ముంచాయి, గ్యాస్‌ని అణచడానికి బయట కొట్టిన నీళ్లు పనికొచ్చేవే, కానీ ఆ గ్యాస్ బయటికొస్తున్న 30 మీటర్ల పైచిలుకు ఎత్తున్న గొట్టం కొసకి ఆ ధారలు అందలేదు. కాబట్టి 'నీళ్లు వద్దు' అన్న ఒక్కమాటతో సరిపోదు. ఎక్కడ వద్దో, ఎక్కడ కావాలో కూడా తెలియాలి.

ఆ తర్వాతే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు వచ్చాయి. ట్యాంకర్ల మీద కోడ్ పలక ఉండాలన్న మోటారు వాహనాల నిబంధనలూ 1989వే.

పలక ఉన్న బండి సంగతి సరే, గోడౌన్ సంగతేంటి? 2015 ఆగస్టు 12 రాత్రి చైనాలోని తియాన్జిన్ రేవులో ఒక గోడౌన్ అంటుకుంది. లోపల ఏముందో సరిగ్గా తెలియకుండానే సిబ్బంది నీళ్లు కొట్టారు. దాదాపు ముప్పావుగంటకి అర నిమిషం తేడాతో రెండు పేలుళ్లు. చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి 173 మంది, వాళ్లలో సగానికి పైగా ఫైర్ సిబ్బందే. నీళ్లు పడి కార్బైడ్ పేలిందేమోనని మొదట అందరి అనుమానం. దర్యాప్తులో తేలింది వేరు. తడిగా ఉంచాల్సిన నైట్రోసెల్యులోజ్ ఎండకు ఎండిపోయి తనంతట తాను అంటుకుంది, ఆ మంట అమ్మోనియం నైట్రేట్‌కి పాకింది. తడవకూడని సరుకూ, ఎండకూడని సరుకూ ఒకే చోట!

మన పటాన్‌చెరు, పరవాడ వైపు బల్క్ డ్రగ్ కంపెనీలకు థయోనిల్ క్లోరైడ్ అనే ద్రవం కొత్త సరుకు కాదు. గాలిలో తేమకే పొగలు కక్కుతుంది, కళ్లూ గొంతూ మండిపోతాయి. డ్రమ్ము మీద లేబుల్ ఉంటుంది గానీ గేటు బయట ఆగిన ఫైరింజన్‌కి అది కనపడదు. సోడియం లాంటివాటి మంటకైతే ఇసుక బకెట్లు పెడతారు. ఆ ఎర్ర బకెట్లు షెడ్డు బయట వానకు తడుస్తూ వేలాడుతుంటే, అందులో ఉన్నదీ నీళ్ల కిందే లెక్క.