రక్తం జిల్లా హబ్‌కి పోతే పాడవుతుందా? ల్యాబ్ టెక్నీషియన్‌గా నాకు తెలిసింది

నేను ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ల్యాబ్ టెక్నీషియన్‌ని. సర్కారు ఉచితంగా టెస్టులు చేసే పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో) మొదలైంది, 2021 జూన్‌లో ఒకేసారి 19 జిల్లా హబ్‌లు, అంటే జిల్లాకి పెద్ద ల్యాబ్‌లు తెరిచారు, అప్పట్నుంచి మేం ఇక్కడ శాంపిల్ తీసి పంపుతాం, చాలా టెస్టులు మాత్రం హబ్‌లో మిషన్ మీద అవుతాయి. అప్పట్నుంచి రోజూ అవే ప్రశ్నలు.

అపోహ: అంత దూరం బండిలో పోతే రక్తం పాడైతది, రిపోర్ట్ తప్పొస్తది.

వాస్తవం: పద్ధతి ప్రకారం పంపితే పాడవదు, పద్ధతి తప్పితే మాత్రం నిజంగానే తప్పొస్తది, అందుకే ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. షుగర్ సంగతే చూడండి. ట్యూబ్‌లో ఉన్నా రక్తకణాలు గ్లూకోజ్‌ని తింటూనే ఉంటాయి, మామూలు ట్యూబ్‌లో వదిలేస్తే గంటకి 5 నుంచి 7 శాతం దాకా తగ్గుద్ది, అంటే పరగడుపున 120 ఉన్న షుగర్ నాలుగు గంటలకి 95 దగ్గరికి వచ్చేసి, షుగర్ అంచున ఉన్న మనిషికి 'నార్మల్' అని రిపోర్ట్ పోతది. బూడిద రంగు మూత ట్యూబ్ అందుకే, అందులో కణాలు గ్లూకోజ్‌ని తినకుండా ఆపే ఫ్లోరైడ్ ఉంటది. సీబీపీకి (రక్తకణాల లెక్క) ఊదా రంగు మూతది, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు) కూడా దాంట్లోనే, చల్లగా ఉంచితే ఒకరోజు ఆగినా ఏం కాదు. ఇంకోటి, ఐస్‌లో పెడితే అన్నీ భద్రం అనుకుంటారు కదా, అదీ తప్పే. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే పసుపు నీరు, వేరు చేయకుండా చల్లగా పెడితే కణాల్లోని పొటాషియం బయటికి కారి, లేని ప్రమాదం రిపోర్ట్‌లో కనిపిస్తది. కాబట్టి రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో (కరెంట్‌తో గిర్రున తిరిగే మిషన్‌లో) తిప్పి సీరం వేరు చేసే పంపాలి. కరెంట్ పోయిన రోజు మా తిప్పలు అడగొద్దు.

అపోహ: మూడు నాలుగు ట్యూబ్‌లు గుంజుతున్నరు, అమ్ముకుంటున్నరేమో!

వాస్తవం: నవ్వొస్తది గానీ ఇది రోజూ వినే మాటే. అన్నీ కలిపినా 10 మిల్లీలీటర్లు ఉండదు, అంటే రెండు చెంచాలు. ఒంట్లో ఉండేది దాదాపు 5 లీటర్లు.

అపోహ: ఇక ఊళ్ళో ఏ టెస్టూ చేయరు.

వాస్తవం: చేస్తాం. హిమోగ్లోబిన్, గ్లూకోమీటర్ షుగర్, మలేరియా, డెంగీ కిట్, ప్రెగ్నెన్సీ, మూత్రంలో అల్బుమిన్ లాంటివి ఇక్కడే. జ్వరమొచ్చిన పిల్లని తీసుకుని నేరుగా జిల్లాకి ఉరకక్కర్లేదు.

అపోహ: శాంపిలే కదా పోయేది, పేషెంట్‌కి ఏం తేడా లేదు.

వాస్తవం: ఇది మా మీటింగుల్లో వినే అపోహ. శాంపిల్‌కి కష్టం లేదు, కష్టమంతా మనిషికి. ముందు పొద్దున రక్తమిస్తే మధ్యాహ్నానికి రిపోర్ట్ చూపించుకుని మందులతో ఇంటికి పోయేవాళ్ళు, ఇప్పుడు రిపోర్ట్ వచ్చేది రేపో ఎల్లుండో, అంటే ఇంకో రోజు కూలి పాయె, ఆటో కిరాయి వేరే. ఫోన్‌కి మెసేజ్ వస్తది నిజమే, కానీ ఓ ముసలాయన మూడు రోజులు తిరిగాడు, 'బిడ్డా నా రిపోర్ట్ ఇంకా రాలే' అని. చూస్తే ఆయన ఇచ్చింది హైదరాబాద్‌లో ఉండే కొడుకు నంబరు, మెసేజ్ మొదటి రోజే అక్కడికి పోయింది, కొడుకు చూసి ఊరుకున్నాడు. అయితే అదే మనిషికి థైరాయిడ్ టెస్ట్ బయట చేయించుకుంటే వందల్లో అయ్యేది, ఇక్కడ పైసా తీసుకోలేదు, అదీ చెప్పాలి కదా.

అపోహ: పరగడుపు అంటే నీళ్ళు కూడా తాగొద్దు.

వాస్తవం: మంచినీళ్ళు తాగండి, నరం దొరకడం తేలికైతది. చాయ్ మాత్రం వద్దు, చక్కెర లేనిదైనా.

మా దగ్గర బండి 11:30కి వెళ్ళిపోతది. పదిన్నరలోపు వస్తే సీరం వేరు చేసి ఆ రోజే పంపగలను. నంబర్ రాయించేటప్పుడు ఎవరి చేతిలో ఫోన్ ఉంటదో వాళ్ళదే చెప్పండి, మెసేజ్ రాకపోతే బార్‌కోడ్ చీటీ పట్టుకుని రండి, దాంతో వెతికి ప్రింట్ తీసిస్తాను.