విరమణ లేని దీక్ష

చలికాలం వచ్చిందంటే విజయవాడ వీధులు ఎర్రబడతాయి. భవానీ మాల వేసుకున్నవాళ్లు ఒంటిపూట తిని, నేల మీద పడుకుని, చివరికి కృష్ణలో మునిగి, గిరి ప్రదక్షిణ చేసి, ఇరుముడితో ఇంద్రకీలాద్రి చేరతారు. అక్కడ మాల తీసేస్తారు. దానికి విరమణ అని పేరుంది, ముందే ప్రకటించిన తేదీలున్నాయి. ఇంటికెళ్లాక మామూలుగా తింటారు.

గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమ్మ మనవరాలు ఇంటర్ రెండో ఏడాదిలో కార్తీక సోమవారం ఒక్కపొద్దుతో మొదలుపెట్టింది. కార్తీకం పోయినా ఆపలేదు. నేను చూసిన పూట ఒక్క ఇడ్లీని గోరంత ముక్కలుగా తుంచి, ముక్కకీ ముక్కకీ మధ్య గోడ గడియారం వంక చూస్తోంది. చట్నీని పళ్లెం అంచుకి నెట్టేసింది. అదే పిల్ల అరగంట ముందు తమ్ముడికి కారప్పొడిలో నెయ్యి పోసి కలిపి ముద్దలు పెట్టింది. "నోరు కట్టుకోవడమంటే దీన్ని చూసి నేర్చుకోండే" అని పెద్దమ్మ మురిసిపోయింది. జుట్టు రాలి, నెలసరి ఆగాక కూడా ఆర్నెల్లు గ్యాస్ మాత్రలతోనూ దిష్టి తీయడాలతోనూ గడిచిపోయాయి. 58 రోజుల నిరాహార దీక్షతో ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు గారిని తలుచుకునే నేల మనది. తిండి మానేసిన మనిషిని చూడగానే ముందు గౌరవమే పుడుతుంది. కాకపోతే ఆయన దేనికోసం మానేశారో అందరికీ తెలుసు. ఈ పిల్లని అడిగితే "ఆకలి లేదు పిన్నీ" అంటుంది, అంతే.

నిగ్రహాన్నీ, తిండి మానేయించే అనొరెక్సియా అనే రోగాన్నీ ఒకటిగా చూడటం మనతో మొదలైంది కాదు. ఇటలీలో సియెనా కేథరిన్ అనే క్రైస్తవ భక్తురాలు దాదాపు ఏమీ తినకుండా 1380లో 33 ఏళ్లకే పోయింది. లోకం ఆమెను సాధ్వి అంది. ఆమె మాత్రం, అందరిలా తినగలిగేలా చెయ్యమని దేవుణ్ణి వేడుకుంటున్నానని ఒక ఉత్తరంలో రాసుకుంది.

1689లో లండన్ వైద్యుడు రిచర్డ్ మార్టన్ క్షయ మీద రాసిన గ్రంథంలో, జ్వరమూ దగ్గూ లేకుండానే అస్థిపంజరంలా చిక్కిపోయిన 18 ఏళ్ల అమ్మాయిని వర్ణించాడు. రాత్రిళ్లు కూడా పుస్తకాల మీద వాలిపోయి ఉండేదట. ఇది చదివినప్పుడు మన ఇంటర్ హాస్టళ్లు గుర్తురాక మానవు.

1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో చార్లెస్ లాసెగ్ అనే వైద్యులు ఎవరికి వారుగా ఈ జబ్బును గుర్తించారు. గల్ పెట్టిన 'అనొరెక్సియా నెర్వోసా' పేరుకి అర్థం నరాల వల్ల ఆకలి లేకపోవడం. నా లెక్కన అది తప్పు పేరు. శోకం వల్లో భయం వల్లో నోటికి ఏదీ సహించకపోవడాన్ని ఆయుర్వేదం అరోచకం అంది. అది వేరు. ఈ పిల్లల్లో చాలామందికి ఆకలి ఉంటుంది, దాన్ని గెలవడమే వాళ్ల పని.

ఆ గెలుపు మాటను గట్టిగా పట్టుకున్నది అమెరికాలో హిల్డె బ్రూక్ అనే మానసిక వైద్యురాలు. 1970లలో ఆమె చెప్పిందేమిటంటే, తన బతుకులో ఏదీ తన చేతిలో లేదనుకునే అమ్మాయికి ఒళ్లొక్కటే సొంత రాజ్యంలా కనిపిస్తుందని. నిజమే అనిపిస్తుంది. కానీ ఇంట్లోవాళ్ల చెవిన పడేసరికి అదే మాట "పట్టుదలతో మానేసింది, పట్టుదలతో తినలేదా?" అయి కూర్చుంటుంది.

దీనికి జవాబు అంతకుముందే, వేరే పనిమీద దొరికింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 1945లో 24 వారాలపాటు తిండి సగానికి కోశాడు. యుద్ధానికి వెళ్లనన్నవాళ్లు వాళ్లు, సన్నబడాలన్న కోరిక ఎవరికీ లేదు. అయినా వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. పళ్లెంలో ఉన్న కాస్తనీ నలిపి, కలిపి, గంటలు గంటలు సాగదీశారు. మళ్లీ కడుపునిండా పెట్టాక కొందరికి ఎంత తిన్నా ఆగలేదు. అంటే ఇడ్లీని పదహారు ముక్కలు చేసింది మా పిల్ల మనోబలం కాదు, పస్తు. నిగ్రహం మొదటి నెల్లోనే ఎప్పుడో దిగిపోయి ఉంటుంది.

పట్టు జారి విపరీతంగా తిని కక్కేసుకునే బులిమియాకి 1979లో జెరాల్డ్ రస్సెల్ పేరు పెట్టాడు. 2015లో న్యూయార్క్ పరిశోధకులు అనొరెక్సియా రోగులు తిండి ఎంచుకుంటుండగా మెదడును స్కాన్ చేస్తే, అలవాట్లను నడిపే భాగం పనిచేస్తూ కనిపించింది. 2019 నాటి జన్యు అధ్యయనమైతే జీవక్రియకూ దీనికీ ఉన్న లంకెను చూపించింది. లావైపోతానన్న భయం లేకుండా కడుపుబ్బరమనే చెప్పేవాళ్లను 1990లలో హాంకాంగ్‌లో గుర్తించారు, మన దేశంలోనూ గుర్తించారు. అలాంటివాళ్లు మొదట వెళ్లేది గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికే. మేమూ అక్కడికే వెళ్లాం.

లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న చికిత్స ఈ పట్టుదల గొడవే ఎత్తదు. తిండి సంగతి కొన్నాళ్లు అమ్మానాన్నల చేతికిస్తుంది. మానసిక వైద్యురాలు మావాళ్లకీ అదే చెప్పింది: పూటపూటకీ పక్కన కూర్చుని పెట్టండి, ఉపవాసాలు మాత్రం వద్దు. పెద్దమ్మ మొహం చిన్నబోయింది. కార్తీకం దగ్గరపడుతోంది మరి. ఆటో ఎక్కాక మనవరాలి చెయ్యి పట్టుకుని, "పోన్లేవే, నీ ఒక్కపొద్దు కూడా నేనే ఉంటా" అంది.