మాక్యులర్ హోల్: పొర ఒలిస్తే చాలా, మడత కూడా వేయాలా?

మాక్యులర్ హోల్ ఉందని వెళ్తే విజయవాడ సూర్యారావుపేటలో ఒక డాక్టరు "పొర తీసేస్తే సరిపోతుంది" అంటారు. గుంటూరులో మరొకరు "ఫ్లాప్ (పొర మడత) వేద్దాం" అంటారు. ఒకరు వారం రోజులు బోర్లా పడుకోమంటే, ఇంకొకరు మూడు రోజులు చాలంటారు. పేషెంటుకు ఎవరినీ నమ్మబుద్ధి కాదు. నిజానికి ఇద్దరి మాటలకూ ఆధారం ఉంది. అయితే ఆ ఆధారాలు పుట్టిన కాలాలు వేరు.

కంటి వెనక తెరలాంటి రెటీనాకు నడిమధ్య ఉండే మాక్యులాలో పడే రంధ్రమిది. పంచాంగంలో తిథి చూడబోతే, చూపు ఎక్కడ నిలిపితే అక్కడి అక్షరమే మాయమవుతుంది. పక్క గీతలు వంకర్లు పోతాయి. 1980ల చివరిదాకా దీనికి చికిత్స లేదనే చెప్పి పంపేవారు. కంటిలోని జెల్లీ లాంటి విట్రియస్ మాక్యులాను లాగడమే కారణమని 1988లో అమెరికా వైద్యుడు గాస్ వివరించారు. ఆ లాగుడు పోతే రంధ్రం మూసుకోవాలి కదా? 1991లో వైద్యులు కెల్లీ, వెండెల్ విట్రియస్ తీసేసి, గ్యాస్ నింపి, ఆ బుడగ రంధ్రానికి ఆనేలా పేషెంట్లను బోర్లా ఉంచారు. 52 కళ్లలో 30 కళ్లకు రంధ్రం మూసుకుంది.

తర్వాత దృష్టి రెటీనా లోపలి పొర మీదికి మళ్లింది. కొద్ది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం, పైగా పారదర్శకం. అందుకే నీలి రంగు వేసి, సన్నటి ఫోర్సెప్స్‌తో అంచు పట్టి ఒలుస్తారు. బ్రిటన్, ఐర్లండ్‌లలో చేసి 2011లో వెలువరించిన అధ్యయనంలో నెల తిరిగేసరికి పొర ఒలిచినవారిలో 84 శాతం, ఒలవనివారిలో 48 శాతం మందికి రంధ్రం మూసుకుంది. కానీ ఆరు నెలలకు దూరపు చూపులో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. రంధ్రం మూసుకోవడం వేరు, చూపు రావడం వేరు. ఆపరేషన్ "సక్సెస్" అన్నప్పుడు ఈ రెండిట్లో దేని గురించో అడిగి తెలుసుకోవాలి.

పెద్ద రంధ్రాలు మాత్రం మొండికేశాయి. 2010లో పోలండ్ వైద్యురాలు మిఖలెవ్‌స్కా బృందం పొరను పూర్తిగా తీయకుండా, రంధ్రం అంచున కొంత వదిలి దాన్నే తిరగేసి కప్పింది. ఫ్లాప్ అంటే ఇదే. వెడల్పు 400 మైక్రాన్లు దాటినవాటిలో మూసుకునే రేటు 88 నుంచి 98 శాతానికి చేరింది. చిన్న రంధ్రాలకు మామూలుగా ఒలవడమే చాలు. కాబట్టి ఏ పద్ధతి కొత్తదని ఆరా తీసేకన్నా, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ రిపోర్టులో రంధ్రం ఎన్ని మైక్రాన్లుందో చూడటం మేలు. ఆపరేషన్ లేకుండానే విట్రియస్ లాగుడును వదిలించడానికి 2012లో ఆర్భాటంగా వచ్చిన ఆక్రిప్లాస్మిన్ ఇంజెక్షను ఎక్కువ కాలం నిలవలేదు.

ఇక బోర్లా పడుకోవడం. పెద్ద రంధ్రాలపై 2020లో వచ్చిన బ్రిటిష్ అధ్యయనంలో బోర్లా ఉన్నవారిలో 95.5, మామూలుగా కూర్చున్నవారిలో 85.6 శాతం మందికి మూసుకుంది. ఆ తేడాను కచ్చితమనడానికి లెక్కల బలం చాలలేదు. డాక్టర్ల మాటల్లో తేడా అందుకే.

గ్యాస్ విషయంలో మాత్రం రెండో మాట లేదు. రకాన్ని బట్టి అది రెండు వారాల నుంచి రెండు నెలల దాకా కంట్లో ఉంటుంది. పైకి వెళ్లే కొద్దీ వ్యాకోచించి కంటిలో ఒత్తిడి పెంచుతుంది. అది కరిగిందని డాక్టరు చెప్పేదాకా గన్నవరంలో విమానం ఎక్కకూడదు. తిరుమల మొక్కున్నా ముందు అడిగే బయలుదేరాలి.