కార్టహేనా కోటగోడల లోపల ఊరివాళ్లు ఎందుకు కనిపించరు?

కొలంబియాలో కరీబియన్ తీరాన ఉన్న కార్టహేనాకి వెళ్లొచ్చినవాళ్లు రెండు మాటలు చెప్తుంటారు. ఊరు చాలా అందంగా ఉంది, రంగురంగుల ఇళ్లు, చెక్క బాల్కనీల నిండా కాగితప్పూలు, సాయంత్రం కోటగోడ మీద నడక అంటారు. ఆ వెంటనే, కానీ ప్రశాంతంగా నడవనివ్వరు, టోపీ కొనమంటూ వెంటపడతారు, తల మీద పండ్ల గంప పెట్టుకున్న ఆవిడని ఫోటో తీస్తే డబ్బులడుగుతుంది అని విసుక్కుంటారు. ఆ విసుగు నాకు అర్థమవుతుంది. కానీ ఆవిడ అక్కడికి ఎలా వచ్చిందో తెలిస్తే అంత విసుగు రాదు.

1533లో స్పెయిన్‌వాళ్లు పెట్టిన ఊరు ఇది. దక్షిణ అమెరికా నుంచి వాళ్లు దోచిన సంపద ఈ రేవు మీదుగా ఓడలెక్కేది. దానికోసం దొంగలూ వచ్చారు. 1586లో ఇంగ్లండ్ నౌకాదళ నాయకుడు ఫ్రాన్సిస్ డ్రేక్ ఊరిని పట్టుకుని, లక్షకు పైగా డుకాట్లు (ఆనాటి నాణేలు) చేతిలో పడ్డాకే కదిలాడు. ఆ దెబ్బతోనే స్పెయిన్ గట్టి కోటగోడలకు పూనుకుంది, ఆ పని దాదాపు రెండు వందల ఏళ్లు సాగింది. ఆ రాళ్లు మోసినవాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన మనుషులే. స్పానిష్ అమెరికాలో బానిసలు దిగిన అతిపెద్ద రేవుల్లో కార్టహేనా ఒకటి. గడియారపు గోపురం కింద నుంచి లోపలికి అడుగుపెట్టగానే వచ్చే చౌకులో, ఇప్పుడు మిఠాయి కొట్లున్న చోటే, మనుషుల్ని అమ్మేవారు.

అందరూ తలవంచలేదు. బెంకోస్ బియోహో అనే ఆయన తప్పించుకుని, తోటివాళ్లను కూడగట్టి, అడవుల్లో స్వేచ్ఛగా బతికే దారి చూపించాడు. 1621లో ఆయన్ని ఉరితీశారు, అయినా ఆ పోరాటం ఆగలేదు. దాన్నుంచి నిలబడిన ఊరే సాన్ బసిలియో దె పలెంకే, కార్టహేనాకి సుమారు 50 కిలోమీటర్లు. మీరు ఫోటో తీసే ఆ పండ్లావిడలను పలెంకేరాలంటారు, వాళ్ల మూలాలు ఆ ఊళ్లోనే ఉన్నాయి. వాళ్ల అమ్మలు, అమ్మమ్మలు గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి పండ్లమ్మారు. ఇప్పుడు టూరిస్టులు కొనేదానికన్నా ఫోటో తీసేదే ఎక్కువ, అందుకే ఫోటోకి డబ్బు అడుగుతున్నారు. అది మోసం కాదు, వాళ్ల పొట్టకూటి పని.

మరి మిగతా ఊరివాళ్లేమయ్యారు? 1930ల చివర్లో గోడల పక్కనే ఉన్న పేదల పేటలను ఖాళీ చేయించారు. కోటకి దగ్గర్లోని చంబకూ అనే నల్లజాతి వాడని 1970ల మొదట్లో తీసేసి, జనాన్ని దూరంగా పంపేశారు. గోడల లోపలే ఉన్న హెత్సెమానీ పేటలో 1904 నుంచి ఉన్న పెద్ద మార్కెట్‌ని 1978లో గోడలకు దూరంగా బసుర్తో అనే చోటికి మార్చి, ఆ స్థలంలో కన్వెన్షన్ సెంటర్ కట్టారు. 1984లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పాత క్రైస్తవ మఠాలు లగ్జరీ హోటళ్లయ్యాయి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది హెత్సెమానీ సంగతి. చేతిపనులవాళ్ల పేట అది. 1811 నవంబర్ 11న స్వాతంత్ర్యం ప్రకటించాల్సిందేనని పెద్దమనుషుల మీద ఒత్తిడి తెచ్చింది పెద్రో రొమేరో వెంట నడిచిన ఈ పేట జనమే. ఇప్పుడక్కడ టూరిస్టులు దిగే హాస్టళ్లు, బార్లు, గోడల మీద బొమ్మలు. అద్దెలు, పన్నులు పెరిగి, తరతరాలుగా ఉన్న కుటుంబాలు ఇళ్లమ్ముకుని వెళ్లిపోతున్నాయి. కూలికి, అమ్మకానికి రోజూ పొద్దున బస్సెక్కి గోడల లోపలికి వచ్చి, చీకటి పడ్డాక దూరపు వాడలకు తిరిగి వెళ్లేవాళ్లెందరో. పగటిపూట ఆ నాలుగు డబ్బులు రాకపోతే ఆ రోజు గడవదు, అందుకే అంత గట్టిగా వెంటపడతారు.

వెళ్తే పలెంకేరాని ముందు అడిగి, రేటు మాట్లాడుకుని ఫోటో తీయండి, పండ్లూ కొనండి. ఒక రోజు పలెంకేకి కేటాయించండి, అక్కడివాళ్లనే గైడుగా పెట్టుకోండి. హెత్సెమానీలో బస చేస్తే, ఆ పేట కుటుంబమే నడిపే చోటు దొరుకుతుందేమో ముందు వెతకండి.