పాత కారు ఐడ్లింగ్: అపోహలు - వాస్తవాలు

అలిపిరి తనిఖీ దగ్గర కార్ల క్యూ మెల్లగా కదులుతుంటుంది. ఇంటిల్లిపాదీ లోపలే ఉంటారు, ఏసీ నడుస్తుంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే ఇంజన్ వణికి ఆగిపోతుంది. తిరుపతిలో నేను ఎక్కువగా చేసేవి పాత పెట్రోల్ కార్లే. ఈ కథ వారానికి ఒకసారైనా వింటాను. దాని వెంటే ఇంకో మాట: "అన్నా, కొంచెం స్లో పెంచి పంపించు." స్లో అంటే ఐడ్లింగ్ వేగం, యాక్సిలరేటర్ తొక్కకుండా బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం.

అపోహ: స్లో స్క్రూ తిప్పితే చాలు.

ఇంజన్ వేడెక్కాక చాలా పెట్రోల్ కార్లు నిమిషానికి 800 - 900 చుట్ల దగ్గర నిలకడగా తిరగాలి. అంతకంటే పడిపోతోందంటే గాలి, పెట్రోల్, స్పార్క్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోల్ నొక్కుకునే ఒత్తిడి) - ఈ నాలుగింటిలో ఏదో తేడా వచ్చినట్టు. స్క్రూ తిప్పితే వణుకు కనబడకుండా పోతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, దిగుడులో ఇంజన్ పట్టు తగ్గుతుంది. ఎంపీఎఫ్ఐ బండిలో, అంటే కంప్యూటర్ చెప్పినట్టు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే బండిలో అయితే ఆ స్క్రూ కంపెనీ పెట్టిన చోటే ఉండాలి. అక్కడ ముందు చూడాల్సింది థ్రాటిల్ బాడీలోనూ (ఇంజన్‌కు గాలి వదిలే రేకు తలుపు ఉండే చోటు) ఐడిల్ వాల్వ్‌లోనూ (ఐడ్లింగ్‌లో గాలిని సరిచేసేది) పేరుకున్న మసి.

అపోహ: రోడ్డు మీద బాగా లాగుతోంది కాబట్టి ఇంజన్‌లో లోపం లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ నమ్మకమే. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజన్ పీల్చే గాలి చాలా తక్కువ. అప్పుడు ఏ రబ్బరు పైపు పగులులోంచో కాస్త దొంగగాలి చొరబడినా గాలి-పెట్రోల్ మిశ్రమం పలచబడిపోతుంది, బండి మిస్ కొడుతుంది, అంటే ఏదో సిలిండర్ మధ్యమధ్య మండదు. వేగంలో లోపలికి వెళ్లే గాలే బోలెడంత, ఆ కొంచెం అందులో కలిసిపోతుంది. అందుకే రోడ్డు మీద హాయిగా లాగుతూ, నిలబడితే వణికే బండికి నేను ముందు ఈ రబ్బరు పైపులే (వ్యాక్యూమ్ పైపులు) చూస్తాను.

ఒకసారి కార్బొరేటర్ (గాలినీ పెట్రోల్‌నూ కలిపే పాత తరహా పరికరం) ఉన్న మారుతి 800 ఒకటి వచ్చింది. వేరేచోట రెండుసార్లు స్లో పెంచారట. "బ్రేక్ పెడల్ ఈమధ్య గట్టిగా ఉంది, పాతబడింది కదా" అన్నారు ఓనర్. ఇంజన్ నడుస్తుండగా బ్రేక్ బూస్టర్‌కు (ఇంజన్ పీల్పుతో బ్రేక్ పెడల్‌ను తేలిక చేసేది) వెళ్లే పైపును మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టం) దగ్గర నొక్కి పట్టుకున్నాను. వణుకు వెంటనే ఆగింది. బూస్టర్ వైపు క్లిప్ కింద పైపు చీలిపోయి ఉంది. వణుకుకూ, గట్టి పెడల్‌కూ కారణం అదే. అంతకు ముందురోజే ఆయన పిల్లలతో తిరుమల నుంచి ఆ బ్రేకులతోనే ఘాట్ దిగి వచ్చారు.

బూస్టర్ సంగతి మీరే చూసుకోవచ్చు. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. గట్టిపడ్డాక కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే ఆ బండితో కొండెక్కవద్దు. ఇంకోమాట, లీకు వెతకడానికి వేడి ఇంజన్ మీద పెట్రోల్ చల్లేవాళ్లు ఉన్నారు. నిప్పంటుకుంటుంది, ఎవరినీ చల్లనివ్వకండి.

అపోహ: మూడు సిలిండర్ల ఇంజన్ వణకడం మామూలే.

కొంచెం అదురు ఉంటుంది, నిజమే. కానీ అది ఒకే లయలో ఉంటుంది. మధ్యమధ్య తడబడుతోందంటే మిస్సింగే. ఒక్కో సిలిండర్‌నూ ఆపి చూస్తే, దేన్ని ఆపినప్పుడు శబ్దం మారదో అదే పనిచేయని సిలిండర్. ఎంపీఎఫ్ఐలో దీనికి ప్లగ్ వైరు లాగకూడదు, ఇంజెక్టర్ కనెక్టర్ తీయాలి. లేకపోతే షాక్ కొడుతుంది, కాయిల్ కూడా పోవచ్చు. ప్లగ్గులు మార్చడం ఈ పరీక్ష తర్వాతే. ఇక చుట్లు నిలకడగానే ఉండి స్టీరింగ్, సీటు మాత్రమే అదురుతుంటే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చూడాలి.

అపోహ: కొండ మీద గాలి పలచన, అందుకే బండి ఆగిపోతోంది.

తిరుమల ఎత్తు సముద్ర మట్టానికి దాదాపు 850 మీటర్లు. కార్బొరేటర్ బండికి అక్కడ గాలి తగ్గి మిశ్రమం కాస్త చిక్కబడుతుంది, అంతే. సరిగ్గా ట్యూన్ చేసిన బండి ఆ మాత్రానికి ఆగదు. ఆగిందంటే కిందే మిశ్రమం తప్పి ఉంది.

ఏసీ వేసినప్పుడు మాత్రమే పడిపోతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. ఏసీ భారానికి చుట్లు పెంచే ఏర్పాటు వేరే ఉంటుంది, దాన్ని విడిగా చూడాలి. వీలైతే బండిని ముందురోజు సాయంత్రమే వదిలి వెళ్లండి. పొద్దున చల్లటి ఇంజన్‌ను నేనే స్టార్ట్ చేసి, అది వేడెక్కే దాకా పక్కన నిలబడి వింటాను.