పాత అమెరికన్ వెండి టీ, కాఫీ సెట్లు: అపోహలు - వాస్తవాలు

పాత వెండి సామాన్లు రిపేర్ చేయడం, వెల కట్టడం నా పని. అమెరికాలో ఎస్టేట్ సేల్స్‌కి, అంటే ఇంట్లో సామాన్లన్నీ అమ్మకానికి పెట్టే చోటికి వెళ్ళే మనవాళ్ళు టీ సెట్ కనబడగానే ఫోటో తీసి పంపుతుంటారు, ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ ఇవే.

అపోహ: అడుగున 1847 అని ఉంది, అంటే అప్పటిదే.
కాదండీ. 1847 రోజర్స్ బ్రదర్స్ అనేది బ్రాండ్ పేరు. కనెక్టికట్‌లో రోజర్స్ అన్నదమ్ములు ప్లేటింగ్ సరుకు మొదలెట్టిన ఏడాది అది, ఆ ముద్రనే తర్వాత మెరిడెన్ బ్రిటానియా కంపెనీ వాళ్ళు, 1898లో పుట్టిన ఇంటర్నేషనల్ సిల్వర్ కంపెనీ వాళ్ళు ఇరవయ్యో శతాబ్దంలో కూడా కొడుతూనే వచ్చారు. పైగా అది వెండి పూత, అచ్చ వెండి కాదు. క్వాడ్రుపుల్ ప్లేట్, అంటే నాలుగింతల పూత అని ఉన్నా పూతే.

అపోహ: స్టెర్లింగ్ అని లేకపోతే వెండి కాదు.
పాత అమెరికన్ వెండి చాలామటుకు కాయిన్ సిల్వర్, అంటే వెయ్యికి సుమారు 900 పాళ్ళు, స్టెర్లింగ్ అయితే 925. అమెరికాలో పేరున్న వెండి సామాన్ల కంపెనీ గోరం కూడా 1868లో గానీ స్టెర్లింగ్‌కి మారలేదు. ఇంగ్లండ్‌లోలాగా పరీక్ష చేసి ముద్ర వేసే ఆఫీసు అమెరికాలో లేదు, బాల్టిమోర్‌లో 1814 నుంచి 1830 దాకా ఒకటి నడిచింది అంతే. అందుకే పాతవాటి మీద చేసినవాళ్ళ పేరొక్కటే ఉంటుంది. గోరం వాళ్ళ సింహం, లంగరు, G ముద్ర చూసి ఇంగ్లీషు సరుకనుకుంటారు, అది కంపెనీ సొంత ముద్ర.

అపోహ: అయస్కాంతం అంటకపోతే వెండే.
ఇత్తడికీ రాగికీ కూడా అంటదు కదా. దానికంటే అంచులు, కాళ్ళు, పిడి అతుకులు చూడండి, చెయ్యి ఎక్కువ తగిలే చోట పసుపో ఎరుపో తొంగిచూస్తే అది పూత.

అపోహ: సెట్‌లో మూత లేని గిన్నె అంటే షుగర్ బౌల్ మూత పోయినట్టే.
కప్పులో మిగిలిన టీ, ఆకు పారబోసుకునే గిన్నె అది, దానికి మూత మొదట్నుంచీ ఉండదు.

అపోహ: తళతళా మెరిస్తేనే రేటు.
నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. బాల్టిమోర్‌లోని కర్క్ అనే వెండి కంపెనీ వాళ్ళ సెట్ల మీద గులాబీలు ఉబ్బెత్తుగా ఉంటాయి, రేకుల సందుల్లో ఉన్న నలుపు వల్లే ఆ పువ్వు పువ్వులా కనిపిస్తుంది, వెండి నలుపు పోగొట్టే డిప్ లిక్విడ్‌లో ముంచితే నలుపంతా పోయి చదునుగా, ప్రాణం లేనట్టు అయిపోతుంది. టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది. చింతపండు పులుపు అసలొద్దు, ఎందుకంటే పిడి పైనా కిందా సన్నటి తెల్లటి రింగులుంటాయి చూడండి, వేడి చేతికి రాకుండా పెట్టిన దంతం అది, నానితే పగులుతుంది. డిష్‌వాషర్ సంగతి చెప్పక్కర్లేదు. మెత్తటి గుడ్డ, మంచి సిల్వర్ క్రీమ్, పైపైన, చాలు.

పాత యజమాని పేరు అక్షరాలు చెక్కి ఉంటే చెరిపించకండి. అక్కడ అరగదీసిన రేకు పలచబడిపోతుంది, బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది, నోటితో ఆవిరి ఊదితే చెరిపిన అక్షరాల జాడ చాలాసార్లు కనిపిస్తుంది కూడా.

ఇక తూకం. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దగ్గరికి పోయినప్పుడు ఎన్నో మంచి సెట్లు కరిగిపోయాయి, ఇప్పుడు కూడా రేటు పెరగ్గానే అదే ఆలోచన. ట్రే చాలాసార్లు పూతదే ఉంటుంది, దాన్ని తూకంలో కలపకండి. కరిగించే ముందు అడుగు ముద్రలు, పిడి అతుకులు దగ్గరగా ఫోటోలు తీసి తెలిసినవాళ్ళకి చూపించండి.