మార్ఫిన్ రాశారంటే ఇక అంతేనా?

క్యాన్సర్ రోగుల నొప్పి తగ్గించడమే వైద్యుడిగా నా పని. మందుల చీటీలో మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు రాయగానే, రోగికి వినబడకుండా కొడుకో కూతురో నన్ను పక్కకు పిలుస్తారు. "అంటే, ఇక అంతేనా డాక్టరు గారూ?" ఆ భయంతోనే చీటీ మడిచి జేబులో పెట్టుకుని, మందు తీసుకోకుండా వెళ్లిపోయిన వాళ్లున్నారు. ఆ ఇళ్లలో రాత్రులు ఎలా తెల్లవారతాయో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలతపడుతుంది.

అపోహ: మార్ఫిన్ చివరి రోజుల మందు.

వాస్తవం: నొప్పి ఎంత ఉందో చూసి మార్ఫిన్ ఇస్తాం. ఆయుష్షుతో దానికి లెక్క లేదు. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునేవారికి నోరంతా పుండై మంచినీళ్లు కూడా దిగని వారాలుంటాయి. అప్పుడు మార్ఫిన్ ఇస్తే నాలుగు ముద్దలు తినగలుగుతారు, చికిత్స మధ్యలో ఆగదు. పుండ్లు మానాక మెల్లగా తగ్గించి ఆపేస్తాం. వైద్యుల పర్యవేక్షణలో సరైన మోతాదులో వాడితే అది ప్రాణం తీయదు.

అపోహ: అలవాటు పడిపోతారు.

వాస్తవం: గసగసాల కాయ పాలే నల్లమందు, మార్ఫిన్ అందులోదే. అనుమానం అక్కడ పుడుతుంది. కొన్ని వారాలు వాడాక శరీరం మందుకు అలవాటు పడే మాట నిజం, అందుకే ఒక్కసారిగా మానకూడదు. వ్యసనం వేరు: హాని అని తెలిసినా మందు కోసం వెంపర్లాడటం. నొప్పి కోసం వాడే క్యాన్సర్ రోగుల్లో అది అరుదు. పూర్వం మద్యం వంటి వ్యసనం ఉన్నవారు మాత్రం దాచకుండా మాకు చెప్పాలి.

అపోహ: భరించలేనప్పుడే వేసుకోవాలి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టే అపోహ ఇదే. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు 4 గంటలు. గడియారం చూసి వేసుకుంటే నొప్పి తల ఎత్తదు. ఓర్చుకుని ఓర్చుకుని వేసుకుంటే ముదిరిన నొప్పి వెనుక మందు పరుగెత్తాలి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనపు మోతాదు ముందే రాసి ఇస్తాం. సాధారణంగా అది రోజు మొత్తం మోతాదులో ఆరో వంతు. తొలి రోజుల్లో వచ్చే మగత, వికారం చాలామందిలో సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే వాడాలి. దాన్ని అనవసరమని పక్కన పెట్టి, కడుపు బిగిసి మార్ఫినే మానేసిన వాళ్లను చూశాను.

అపోహ: ఇది చట్టవిరుద్ధం.

వాస్తవం: డాక్టరు చీటీతో వాడటం చట్టబద్ధమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కఠిన నిబంధనల వల్ల ఎన్నో ఆసుపత్రులు దీన్ని తెప్పించడమే మానేశాయి. 2014 సవరణ ఆ చిక్కులను చాలావరకు తగ్గించింది. అయినా వీధి చివరి మందుల దుకాణంలో దొరకకపోవచ్చు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. వంటి క్యాన్సర్ ఆసుపత్రుల్లో నొప్పి, బాధ తగ్గించే ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్) విభాగంలో అడగండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నా, నిద్రమాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి. లేపినా లేవని మగత, శ్వాస బాగా నెమ్మదించడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మాత్రలు పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచండి, మిగిలినవి ఎవరికీ ఇవ్వకుండా ఆసుపత్రికి తెచ్చి అప్పగించండి.